తొలి ముప్పై ఒక్క ఆదేశాలు

శ్రీకాళహస్తి కలంకారీ వస్త్రంలో చూపరులకు మొదట కనిపించేవి దేవతామూర్తులు, లతలు, పురాణ ఘట్టాలు. కాని చిత్రకారుడు వెదురు కలం చేపట్టకముందే ఆ వస్త్రానికి ఒక సంస్కారం జరుగుతుంది. నూలుగుడ్డను కరక్కాయ పొడి, గేదెపాలు కలిపిన ద్రవంలో నానబెట్టి ఆరబెడతారు. కరక్కాయ వగరు ఇనుపరసంతో కలిసినప్పుడే గీత నల్లగా నిలుస్తుంది. పాలు రంగును పక్కకు పాకనీయవు. పూర్తయిన చిత్రంలో ఈ పని ఎవరికీ కనిపించదు. అయినా అది లేనిదే చిత్రం లేదు. కంప్యూటర్ల చరిత్రలో ఇటువంటి తొలిపని చేసిన మేధావి డేవిడ్ జాన్ వీలర్.

వీలర్ 1927 ఫిబ్రవరి 9న ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ నగరంలో జన్మించాడు. విద్యార్థి వేతనంతో కేంబ్రిడ్జిలోని ట్రినిటీ కళాశాలలో చేరి, 1948లో గణితశాస్త్ర పట్టభద్రుడయ్యాడు. ఆనాడు ఆ విశ్వవిద్యాలయ గణిత ప్రయోగశాలలో మారిస్ విల్క్స్ నాయకత్వాన ‘ఎడ్‌శాక్’ అనే కంప్యూటరు రూపుదిద్దుకొంటున్నది. యువకుడైన వీలర్ పరిశోధక విద్యార్థిగా ఆ బృందంలో చేరాడు.

సుమారు 3,000 వాల్వులతో నిర్మితమైన ఆ యంత్రానికి పాదరసం నింపిన గొట్టాలే జ్ఞాపకశక్తి. వాటిలో సమాచారం ధ్వని తరంగాలుగా సంచరించేది. విద్యుత్తు ఆగిపోతే ఆ జ్ఞాపకమంతా తుడిచిపెట్టుకుపోయేది. మనిషి తన ఆదేశాలను కాగితపు పట్టీపై రంధ్రాలుగా పొడిచి యంత్రానికి అందించాలి. అయితే ఆ పట్టీని చదవడానికి కూడా యంత్రానికి ఆదేశాలు కావాలి. అక్షరజ్ఞానం లేనివానికి చదివే విధానాన్ని పుస్తకంలో వ్రాసి ఇస్తే ప్రయోజనమేమి? యంత్రనిర్మాతలకు ఎదురైన చిక్కు ఇదే.

ఈ చిక్కును విప్పినవాడు వీలర్. కేవలం 31 ఆదేశాలతో అతడు ఒక చిన్న ప్రోగ్రాము రచించాడు. దానికి ‘తొలి ఆదేశాలు’ అని పేరు. టెలిఫోన్ ఎక్స్ఛేంజీలలో వాడే తిరుగుడు స్విచ్చులలో వాటిని తీగలతో శాశ్వతంగా అమర్చారు. ప్రారంభపు మీట నొక్కగానే ఆ ఆదేశాలు జ్ఞాపకశక్తిలోని మొదటి గదులను చేరేవి. అప్పటినుండి యంత్రం తానే పట్టీని చదువుకొనేది.

వీలర్ అంతటితో ఆగలేదు. మనుషులు సున్నలు, ఒకట్ల వరుసలతో ఆదేశాలు వ్రాయబోతే తప్పులు అనివార్యం. అందువల్ల కూడికకు ఇంగ్లీషు అక్షరం ‘ఎ’, తీసివేతకు ‘ఎస్’ వంటి గుర్తులనూ, మామూలు దశాంశ సంఖ్యలనూ వాడే ఏర్పాటు చేశాడు. వాటిని యంత్రభాషలోకి మార్చే భారాన్ని ఆ 31 ఆదేశాలే వహించేవి. నేడు అసెంబ్లీ భాష అని పిలిచే పద్ధతికి తొలి రూపాలలో ఇది ఒకటి. 1949 మే 6న ఎడ్‌శాక్ ఈ ఆదేశాలతో మేల్కొని, వర్గసంఖ్యల పట్టికను ముద్రించింది.

విజయం లభించినా వీలర్ తన రచనలోని లోపాన్ని మరువలేదు. ఒక లెక్కకోసం వ్రాసిన ఉపప్రోగ్రామును మరొక లెక్కలో వేరొక చోట ఉంచాలంటే అందులోని గదుల సంఖ్యలన్నీ చేతితో దిద్దవలసివచ్చేది. ఒక్క సంఖ్య తప్పినా ఫలితమంతా తప్పే. కొద్ది నెలలకే, 1949లోనే, అతడు 41 ఆదేశాలతో కొత్త ప్రోగ్రామును సిద్ధపరిచాడు. ఆ దిద్దుబాటు యంత్రమే చేయసాగింది. దానితో ఒకరి శ్రమ పదిమందికి ఉపయోగపడే ఉపప్రోగ్రాముల భాండాగారం సాధ్యమైంది.

1951లో వీలర్ డాక్టరేటు పొందాడు. కంప్యూటర్ శాస్త్రంలో ప్రపంచంలోనే తొలి డాక్టరేట్లలో అది ఒకటి. అదే సంవత్సరం విల్క్స్, స్టాన్లీ గిల్‌లతో కలిసి ప్రోగ్రాముల రచనపై ఒక గ్రంథాన్ని వెలువరించాడు. అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో రెండేళ్లు పనిచేసి, కేంబ్రిడ్జికి తిరిగివచ్చి, తన జీవితాన్ని అక్కడే బోధనకు, పరిశోధనకు అంకితం చేశాడు. 1981లో రాయల్ సొసైటీ సభ్యత్వం అతనిని వరించింది. 1994లో, ఉద్యోగ విరమణ సంవత్సరంలోనే, మైఖేల్ బరోస్‌తో కలిసి సమాచారాన్ని కుదించే ఒక కొత్త పద్ధతిని ప్రకటించాడు. 2004 డిసెంబరు 13న కన్నుమూశాడు.

వీలర్ శిష్యులలో ఒకడైన బ్యార్న్ స్ట్రౌస్ట్రప్ తరువాతికాలంలో సి ప్లస్ ప్లస్ భాషను సృష్టించాడు. ఆ భాషలో ప్రోగ్రాము ‘మెయిన్’ అనే చోట మొదలవుతుందని విద్యార్థులు నేర్చుకొంటారు. నిజానికి అంతకుముందే స్టార్టప్ కోడ్ అనే చిన్న ప్రోగ్రాము తన పని ముగిస్తుంది. చిన్న యంత్రాలలో ఇది తరచు అసెంబ్లీలోనే ఉంటుంది. తాత్కాలిక సమాచారం నిలిపే స్థలాన్ని అది నిర్ణయిస్తుంది; ఖాళీగా ఉండవలసిన గదులను సున్నలతో నింపుతుంది; తొలి విలువలను వాటి వాటి చోట్ల ఉంచుతుంది; ఆ తరువాతనే మెయిన్‌ను పిలుస్తుంది.

తెరమీది ఫలితాన్ని చూసేవారికి ఈ ఏర్పాటు కనిపించదు. కరక్కాయ రసంలో నానిన గుడ్డవలె అది చిత్రం వెనుకనే ఉండిపోతుంది. పైకి కనిపించని పనిని కూడా లోపం లేకుండా చేయాలన్న పట్టుదలే వీలర్ జీవితం నేర్పే పాఠం.