ఆ నీలిరంగు మనవారిదే

మాది పుంగనూరు. మదనపల్లెలో డిగ్రీ చదివేటప్పుడు ల్యాబు రికార్డులో ఫిస్క్–సుబ్బారావ్ పద్ధతి అని రాసేవాణ్ణి. ఆ సుబ్బారావుగారు మనవారేనని కుప్పం మిత్రుడు చెప్పాక సిగ్గేసింది.

యల్లాప్రగడ సుబ్బారావుగారు 1895లో భీమవరంలో పుట్టారు. మద్రాసులో వైద్యం చదివి హార్వర్డు చేరారు. పగలు చదువు, రాత్రి ఆసుపత్రిలో చిన్న కొలువు. 1925లో ఫిస్కుతో కలిసి రక్తంలో ఫాస్ఫరస్ కొలిచే దారి చూపారు. ముందు ఆమ్లంతో ప్రోటీన్లను తీసేయాలి. మాలిబ్డేటు, క్షయకరణి కలిపాక నీలం ఎంత చిక్కనైతే ఫాస్ఫరస్ అంత! ఆ కొలతతోనే 1929లో కండరాల్లో ఏ.టి.పి.ని పట్టుకున్నారు. అయినా హార్వర్డులో స్థిరమైన ఉద్యోగం దక్కలేదు. 1940లో లెడర్లీ కంపెనీకి మారి, 1948లో 53 ఏళ్లకే కన్నుమూశారు.

నేటి ప్రోటీన్ గుర్తింపు ల్యాబుల్లో మాస్ స్పెక్ట్రోమీటరు ప్రోటీన్లపై చూపే ఫాస్ఫేటు చాలామటుకు ఆ ఏ.టి.పి. ఇచ్చిందే. నా పాత రికార్డులో ఆయన ఇంటిపేరు ఈమధ్యే చేర్చాను.