విలియం టిండేలు: వాక్యమను గీటురాయి

కంసాలి తన యొద్దకు వచ్చిన నగ యొక్క మెరుపును చూచి మోసపోడు. దానిని గీటురాయిపై గీచి చూచును. బోధకుల విషయమునను మనకట్టి గీటురాయి యొకటి కావలసియున్నది. దేవుని పేర వచ్చువారందరును దేవునివారు కారనియు, గొఱ్ఱెతోలు కప్పుకొన్న తోడేళ్లు కలవనియు మన ప్రభువు ముందుగానే హెచ్చరించెను. బెరయ పట్టణస్థులు పౌలంతటివాని బోధను సహితము ప్రతిదినము లేఖనములతో సరిచూచుకొనిరి. అందులకు వారు నిందింపబడక మెప్పు పొందిరి. అయితే చేతిలో లేఖనములే లేని ప్రజల గతి యేమి? ఈ ప్రశ్నకు తన ప్రాణమునే యిచ్చి సమాధానము చెప్పిన విలియం టిండేలు చరిత్రను మా చదువరులకు సంగ్రహముగా తెలుపుచున్నాము.

టిండేలు ఇంగ్లాండులోని గ్లాస్టరుషైరునందు 1494వ సంవత్సర ప్రాంతమున జన్మించెను. ఆక్సుఫర్డులో చదివి 1512లో బి. ఏ., 1515లో ఎం. ఏ. పట్టములను పొందెను. గ్రీకు, లాటిను మొదలగు భాషలయందు ప్రవీణుడై, పిదప హెబ్రీభాషను సహితము నేర్చెను. ఎరాస్మసు పండితుడు 1516లో ప్రకటించిన గ్రీకు క్రొత్త నిబంధన అతని హృదయమును మిక్కిలి ఆకర్షించెను.

ఆ కాలమున ఇంగ్లాండు దేవాలయములలో బైబిలు లాటిను భాషలో చదువబడుచుండెను. బిషప్పుల అనుమతి లేక దానిని ఇంగ్లీషులోనికి తర్జుమా చేయరాదను శాసనము 15వ శతాబ్దారంభమునుండి అమలులో నుండెను. తమ పిల్లలకు ప్రభువు ప్రార్థనను, పది ఆజ్ఞలను ఇంగ్లీషులో నేర్పినందుకై కావెంట్రీ పట్టణమున 1519వ సంవత్సర ప్రాంతమున కొందరు దహింపబడిరని ఫాక్సు అను చరిత్రకారుడు వ్రాసియున్నాడు. గురువులలో అనేకుల జ్ఞానమును కొద్దియే. 1551లో బిషప్పు హూపరుగారు టిండేలు జన్మస్థలమగు ఆ గ్లాస్టరు ప్రాంతములోనే 311 మంది గురువులను పరీక్షింపగా, సగమునకు మించినవారు పది ఆజ్ఞలను చెప్పలేకపోయిరి. భక్తిగల గురువులును లేకపోలేదు. కాని మంచి గురువెవరో, వంచకుడెవరో సామాన్యునికి తెలియు మార్గము లేదు. పాపక్షమాపణ పత్రములను రూకలకు అమ్మువాడు వచ్చినను, ఇది ఏ గ్రంథమున ఉన్నదని అడుగువాడు లేడు.

టిండేలు లిటిలు సాడ్‌బరీ గ్రామమున సర్ జాన్ వాల్షుగారి యింట పిల్లలకు ఉపాధ్యాయుడుగా నుండెను. ఆ యింటికి భోజనమునకు వచ్చు గురువులతో అతడు తరచు వాదించుచు, లేఖనమును తెరచి చూపుచుండెను. ఒకనాడు ఒక పండితుడు పోపుగారి శాసనములుండిన చాలును, దేవుని ధర్మశాస్త్రము లేకున్నను కొరత లేదను భావమున మాటలాడెను. అంతట టిండేలు, దేవుడు ఆయువిచ్చినయెడల నాగలి పట్టు బాలుని సహితము ఆ పండితునికంటె లేఖనములయందు గట్టివానిగా చేయుదునని ప్రతిన పూనెను.

1523లో అతడు లండనుకు పోయి బిషప్పు టన్‌స్టలుగారి ఆశ్రయము కోరెను, అది లభింపలేదు. హంఫ్రీ మన్మతు అను వర్తకుడొకడు అతనిని ఆదరించెను. 1524లో టిండేలు జర్మనీకి వెడలెను. కొలోనులో అచ్చుపని సాగుచుండగా విరోధులు పసిగట్టిరి. అతడు అచ్చయిన కాగితములతో రైను నదిమీదుగా వర్మ్సు పట్టణమునకు పారిపోయి, 1526లో క్రొత్త నిబంధనను ముగించెను. ఆ పుస్తకములు బట్టల మూటలలో దాగి ఇంగ్లాండు చేరెను. బిషప్పు వానిని దహింపించెను. పిమ్మట ఒక వర్తకుని ద్వారా వెలయిచ్చి కొనిపించెను. ఆ వెలయే మరల మంచి ముద్రణకు మూలధనమయ్యెనని చెప్పుదురు.

ఇంత కోపమునకు కారణమేమి? టిండేలు మూలభాషను సరిచూచి, సంఘములోని గురువును పెద్ద అనియు, ప్రాయశ్చిత్తము చేయుడను చోట పశ్చాత్తాపపడుడనియు తర్జుమా చేసెను. చదివినవాడు తన గురువు బోధను మూలముతో పోల్చి చూడగలిగెను. సర్ థామస్ మోరుగారు ఈ తర్జుమాను తీవ్రముగా ఖండించుచు గ్రంథములు వ్రాసెను. మోరుగారును వంచకుడు కాడు. తన మనస్సాక్షి నిమిత్తము 1535లో శిరచ్ఛేదము పొందిన ధీరుడు. ఎదిరించిన ప్రతివాడును అబద్ధ బోధకుడని మనము తలంపరాదు. నేడు రోమను సంఘమువారును తమ తమ భాషలలో బైబిలును చదువుచున్నారు.

నిజమైన బోధకుని లక్షణము టిండేలునందే కనబడుచున్నది. వర్మ్సు ముద్రణలో అతడు తన పేరు వేసికొనలేదు. తప్పులుండిన దిద్దవలసినదని పండితులను వేడుకొనెను. 1534లో తానే దిద్ది మరల అచ్చొత్తించెను. ప్రజల భాషలో లేఖనమును రాజు అనుమతించినయెడల, ఇక ఏమియు వ్రాయక రాజునకు లోబడెదనని 1531లో రాజదూతతో చెప్పెను. ఆంట్వర్పు పట్టణమున వారమునకు రెండు దినములు బీదలను, పరదేశులను దర్శించుచుండెను. అబద్ధ బోధకుడు తన్ను పరీక్షింపనియ్యడు. సత్యబోధకుడు తన్ను పరీక్షింపుమని తానే కోరును.

అయినను అట్టివాడును మోసపోయెను. 1535లో హెన్రీ ఫిలిప్సు అను యువకుడు మృదుభాషణములతో అతని స్నేహము సంపాదించెను. ఇంటి యజమానుడగు థామస్ పోయింట్జుకు అనుమానము కలిగినను టిండేలు అతనిని మంచివాడనియే నమ్మెను. మే నెలలో ఒకనాడు ఫిలిప్సు అతని యొద్ద నలువది షిల్లింగులు బదులు పుచ్చుకొని, కలిసి భోజనమునకు బయలుదేరి, ఇరుకు సందులో మర్యాదకు అతనిని ముందు నడిపించి, వెనుకనుండి వ్రేలితో భటులకు చూపెను. తియ్యని మాటను ఫలము వచ్చువరకు నమ్మరాదని ఈ సంగతి మనకు బోధించుచున్నది.

విల్వోర్డు కోటలో అతడు సుమారు పదునారు మాసములు బంధింపబడెను. చలికాలమున అధికారికి వ్రాసిన లేఖలో వెచ్చని టోపీని, చీకటివేళకు దీపమును, అన్నిటికంటె ముఖ్యముగా హెబ్రీ బైబిలును, వ్యాకరణమును, నిఘంటువును కోరెను. 1536 అక్టోబరులో అతనిని గొంతు బిగించి చంపి దహించిరి. ఇంగ్లాండు రాజు కన్నులు తెరువుమని ప్రార్థించుచు అతడు మరణించెనందురు. మరుసటి సంవత్సరమే అతని తర్జుమా అధికముగా చేరిన బైబిలు రాజానుమతితో వెలువడెను. 1538లో ప్రతి దేవాలయమునందును ఇంగ్లీషు బైబిలు ఉంచవలెనని ఆజ్ఞ పుట్టెను. 1611 నాటి బైబిలులోని క్రొత్త నిబంధనలో అధికభాగము అతని మాటలే.

లండను మిషను సేవకులు 1805లో విశాఖపట్టణము చేరి, తెలుగు తర్జుమాకు పూనుకొనిరి. ఇట్లు నాగలి పట్టు బాలునికి టిండేలు కోరిన భాగ్యము మన పల్లెలకును లభించెను. ప్రియ విద్యార్థులారా, పెట్టెలోని గీటురాయి బంగారమును పరీక్షింపదు. ఎవడైనను ఒక్క వచనమును పట్టుకొని స్వస్థతను, ధనమును వాగ్దానము చేసి కానుకలడిగినయెడల, ఆ అధ్యాయమును మొదటినుండి తుదివరకు చదివి చూడుడు; అతని నడవడిని గమనింపుడు. దినమునకొక అధ్యాయము చదువు అలవాటు గలవానికి క్రొత్త స్వరము వినగానే అది కాపరిదో, కూలివానిదో తెలియును. ఈ అలవాటు మన పాఠశాల బాలబాలికల ప్రతి యింటను నెలకొనుగాక యని ప్రార్థించుచున్నాము.