ముప్పై ఏళ్ళకు ఫస్టియర్‌లో చేరిన ప్రొఫెసర్

పదో తరగతి మెమోలు వచ్చిన రోజుల్లో మన హాస్టల్లో ఏటా జరిగేదే ఇది. డాక్టర్ కావాలని మనసులో ఉన్న ఒకరిద్దరు, ఇల్లందులో దొరికిన సీటు చాలనుకుని సి.ఇ.సి.లోనో హెచ్.ఇ.సి.లోనో చేరిపోతారు. తర్వాత బై.పి.సి. వాళ్ళ రికార్డు పుస్తకాలు చూసి, ఇక ఆ దారి మూసుకుపోయిందనుకుంటారు. ఆ తమ్ముళ్ళకూ చెల్లెళ్ళకూ ఆల్బర్ట్ ష్వైట్జర్ సంగతి చెబుదామని ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను.

ష్వైట్జర్ 1875 జనవరి 14న అల్సాస్‌లో పుట్టారు. ఆ ప్రాంతం అప్పుడు జర్మనీ కింద ఉండేది, ఇప్పుడు ఫ్రాన్సులో ఉంది. తండ్రి పల్లెటూరి పాస్టరు. హైస్కూలు చదువుకు పట్నంలో తాత వరస బంధువు ఇంట్లో ఉంచారు. అక్కడ తిండీ చదువూ అన్నీ గంట ప్రకారమే, మన హాస్టల్ లాగే! మొదట్లో మార్కులు అంతంతమాత్రం. ప్రతి పాఠం ముందుగా తయారై వచ్చే ఒక మాస్టారు దొరికాకే దారిలో పడ్డారు.

స్ట్రాస్‌బర్గ్ యూనివర్సిటీలో ఆయన చదివింది తత్వశాస్త్రం, మతశాస్త్రం. 1899లో డాక్టరేట్ వచ్చింది. ఆర్గన్ వాయించడంలో యూరప్‌లో పేరు తెచ్చుకున్నారు. యూనివర్సిటీలో పాఠాలు చెబుతూ, మతశాస్త్ర కళాశాలకు ప్రిన్సిపాల్ కూడా అయ్యారు. అయితే ముప్పై ఏళ్ళ దాకా తన కోసం, ఆ తర్వాత జనం కోసం బతకాలని ఇరవై ఒకటో ఏటనే అనుకున్నారు. 1904లో ఒక మిషన్ పత్రికలో ఆఫ్రికాలోని గాబన్‌కు మనుషులు కావాలని చదివారు. మాటలతో కాక చేతులతో సేవ చేయాలని, డాక్టరుగా వెళ్ళాలని నిశ్చయించుకున్నారు. బంధువులూ స్నేహితులూ ఇదేం పిచ్చి అన్నారు.

1905 అక్టోబరులో మెడిసిన్ మొదలుపెట్టబోతే మొదటి చిక్కు ఆఫీసులోనే వచ్చింది. అదే యూనివర్సిటీలో పాఠాలు చెప్పే మనిషి విద్యార్థిగా పేరు నమోదు చేసుకోకూడదు. ఊరికే కూర్చుని వింటే పరీక్ష రాయనివ్వరు. చివరికి మెడికల్ ప్రొఫెసర్లు తోటి ఉపాధ్యాయుడని ఫీజు లేకుండా క్లాసులకు రానిచ్చారు. వాళ్ళిచ్చే సర్టిఫికెట్లతో పరీక్షకు కూర్చోవచ్చని అధికారులు ఒప్పుకున్నారు.

అసలు కష్టం ఆ తర్వాతది. మొదటి పెద్ద పరీక్షలో అనాటమీ, ఫిజియాలజీతో పాటు కెమిస్ట్రీ, ఫిజిక్స్, బోటనీ, జువాలజీ కూడా ఉన్నాయి. కాంట్ తత్వం మీద పుస్తకం రాసిన మనిషి ఎముకల పేర్లూ మొక్కల పేర్లూ కంఠస్థం చేయాల్సి వచ్చింది. ఇరవై ఏళ్ళప్పటి జ్ఞాపకశక్తి ముప్పై దాటాక లేదు. పైగా తన క్లాసులు, ఆదివారం ప్రసంగాలు, కచేరీలు, బాఖ్ మీద పెద్ద గ్రంథం అన్నీ మానకుండానే చదివారు. నిద్ర చాలేది కాదు. నాకు బాగా నచ్చింది ఏమిటంటే, పరీక్ష దగ్గర పడ్డాక కుర్ర క్లాస్‌మేట్లు పిలిస్తే, నామోషీ అనుకోకుండా వాళ్ళ గ్రూప్ స్టడీలో చేరారు. ఏ ప్రొఫెసర్ ఏ ప్రశ్నలు ఎక్కువగా అడుగుతారో అక్కడే తెలిసింది. 1908 మేలో పాసయ్యారు.

మన దగ్గర కూడా నియమం కొంత సడలింది. ఇంటర్ పాసయ్యాక ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ, ఇంగ్లీషు గుర్తింపు పొందిన బోర్డులో అదనపు సబ్జెక్టులుగా చదివినా నీట్ రాయవచ్చని జాతీయ వైద్య కమిషన్ 2023 నవంబరులో ప్రకటించింది. చదవడం మాత్రం మన వంతే.

చివరి పరీక్ష 1911 డిసెంబరులో పూర్తయింది. దాని ఫీజు మ్యూనిక్‌లో ఆర్గన్ వాయించి సంపాదించుకున్నారు. భార్య హెలెన్ నర్సు శిక్షణ పొందారు. 1913 ఏప్రిల్‌లో ఇద్దరూ లాంబరెనె చేరారు. చుట్టూ మన మన్యం కంటే దట్టమైన అడవి, పక్కన గోదావరి లాంటి ఒగొవె నది. ఆస్పత్రి లేదు, పాత కోళ్ళ కొట్టాన్ని శుభ్రం చేసి అందులోనే రోగుల్ని చూశారు. మలేరియా, కుష్ఠు, నిద్రజబ్బు, హెర్నియా... రోగులు పడవల్లో వచ్చేవారు.

ఆయన ఆఫ్రికా వాళ్ళను తమ్ముళ్ళుగా చూశారే కానీ సాటివాళ్ళుగా చూడలేదని విమర్శ ఉంది. అందులో నిజం ఉందనే నా అభిప్రాయం. వైద్యం మాత్రం ఆపలేదు. 1952 సంవత్సరపు నోబెల్ శాంతి బహుమతి డబ్బు కుష్ఠు రోగుల ఇళ్ళకు ఖర్చు పెట్టారు. 1965 సెప్టెంబరు 4న, తొంభై ఏళ్ళ వయసులో లాంబరెనెలోనే కన్నుమూశారు. సమాధి ఆ నది ఒడ్డునే ఉంది.