పెగ్ సేయర్స్

పెగ్ సేయర్స్ (1873 - 1958 డిసెంబర్ 8) ఐర్లాండు దేశానికి చెందిన సుప్రసిద్ధ జానపద కథకురాలు. ఐర్లాండు నైఋతి తీరాన, కెర్రీ కౌంటీకి చెందిన గ్రేట్ బ్లాస్కెట్ దీవిలో ఈమె సుమారు యాభై సంవత్సరాలు నివసించింది. ఐరిష్ భాషలో వ్రాయడం రాకపోయినా, ఆ భాషలో ఈమె చెప్పిన వందలాది కథలు, వెలువరించిన ఆత్మకథ ఐరిష్ జానపద సాహిత్యంలో ముఖ్యమైనవిగా పరిగణింపబడుతున్నాయి.

బాల్యం

పెగ్ 1873లో డన్‌క్విన్ ప్రాంతంలోని వికార్స్‌టౌన్ అనే పల్లెలో జన్మించింది. ఇంటిలో అందరికంటే చిన్నది. తండ్రి తోమాస్ సేయర్స్ పేరుపొందిన కథకుడు. ఈమె కథలలో చాలా భాగం తండ్రి నోట విన్నవే. పన్నెండేళ్ళ వయసులో బడి మాన్పించి, దగ్గరలోని డింగిల్ పట్టణంలో ఒక ఇంట పనికి కుదిర్చారు. బడిలో చదువు ఆంగ్లంలో సాగినందున మాతృభాషలో వ్రాయడం ఈమెకు అలవడలేదు. అమెరికా వెళ్ళిన స్నేహితురాలు ఓడ ఖర్చు పంపుతానని మాట ఇచ్చింది. కాని ఆ స్నేహితురాలు ప్రమాదానికి గురికావడంతో డబ్బు రాలేదు, పెగ్ ప్రయాణం ఆగిపోయింది.

వివాహం, దీవిలో జీవితం

1892 ఫిబ్రవరి 13న గ్రేట్ బ్లాస్కెట్‌కు చెందిన జాలరి పాడ్రిగ్ ఓ గిహీన్‌తో ఈమె వివాహం జరిగింది. అప్పటినుండి దీవియే ఈమె నివాసమయింది. తారు పూసిన గుడ్డను కొయ్య చట్రంపై బిగించి కట్టిన తేలికపాటి పడవలలో సముద్రం దాటితేనే ప్రధాన భూభాగం చేరగలరు. గాలివాన ఎక్కువైతే రోజుల తరబడి రాకపోకలు ఉండేవి కావు.

దీవిలో చెట్లు లేవు. అందువలన వంటచెరకుకు కొండమీద దొరికే పీట్ మన్నే ఆధారం. నీరు నిలిచే చల్లని నేలలో మొక్కలు పూర్తిగా కుళ్ళకుండా వేల సంవత్సరాలపాటు పేరుకొనగా ఏర్పడే నల్లని మన్నును పీట్ అంటారు. దీనిని సన్నని పారతో ఇటుకల ఆకారంలో కోసి, వేసవిలో ఆరబెట్టి, గాడిదలపై గంపలకెత్తి ఇళ్ళకు చేర్చేవారు. పీట్ చాలనప్పుడు కొండపై పెరిగే హెదర్ అనే పొదలను కూడా పీకి తెచ్చి మండించేవారు. రాత్రి పడుకొనేముందు నిప్పుకణికలను నివురుతో కప్పి, ఉదయం వాటినే మరల రాజేయడం ఐర్లాండు పల్లెలలో ఆచారం. శీతాకాలపు సాయంత్రాలలో ఇరుగుపొరుగు వారు చేరి కథలు వినేది ఈ పొయ్యి చుట్టూనే. పెగ్ ఇంటికి అలా వచ్చేవారు ఎక్కువగా ఉండేవారు.

పెగ్ దంపతులకు పదకొండుమంది సంతానం కాగా ఆరుగురు మాత్రమే పెరిగి పెద్దవారయ్యారు. వారిలో తోమాస్ 1920లో పొయ్యిలోకి హెదర్ పీకుతూ కొండ చరియనుండి పడి మరణించాడు. తరువాత కొద్ది కాలానికే భర్త కూడా మరణించాడు. మిగిలిన పిల్లలు బ్రతుకుతెరువుకై అమెరికాకు వలస వెళ్ళారు. వారిలో మీహాల్ అనే కుమారుడు మాత్రం తిరిగివచ్చి తల్లివద్ద ఉన్నాడు.

కథల సేకరణ

బ్రిటిష్ మ్యూజియంలో పనిచేసిన రాబిన్ ఫ్లవర్ 1910నుండి దీవికి వస్తూ ఈమె కథలను వ్రాసుకొన్నాడు. కెన్నెత్ జాక్సన్ సేకరించిన కథలు 1938లో పుస్తకంగా వచ్చాయి. 1935లో ఏర్పడిన ఐరిష్ జానపద కమిషన్ తరఫున షోసవ్ ఓ డాలీ ఈమెనుండి సుమారు 350 కథలు, విశేషాలు సేకరించాడు. వీటిలో వీరగాథలు, దయ్యాల కథలు, భక్తి కథలు, హాస్య కథలు ఉన్నాయి. ఫిన్ అనే వీరుడి గాథలను చెప్పడం సాధారణంగా మగవారి పని. తండ్రినుండి నేర్చిన ఆ గాథలను పెగ్ కూడా చెప్పేది.

దీవికి తరచు వచ్చే డబ్లిన్ ఉపాధ్యాయురాలు మాయిరె నీ ఖిన్నేదె ప్రోత్సాహంతో పెగ్ తన జీవితకథను చెప్పగా, మీహాల్ వ్రాశాడు. అది "పెగ్" అనే పేరుతో 1936లో ప్రచురితమయింది. 1939లో మరొక పుస్తకం వెలువడింది.

చివరి రోజులు

1916లో దీవి జనాభా 176. యువతీయువకులు వలస పోవడంతో అది క్రమంగా తగ్గిపోయింది. పెగ్ 1942లో దీవిని విడిచి పుట్టిన ఊరికి తిరిగి వచ్చింది. వృద్ధాప్యంలో కంటిచూపు కోల్పోయింది. 1953లో ప్రభుత్వం దీవిలో మిగిలిన కొద్దిమందిని ప్రధాన భూభాగానికి తరలించింది. పెగ్ 1958 డిసెంబర్ 8న డింగిల్ ఆసుపత్రిలో మరణించింది. సమాధి డన్‌క్విన్‌లో ఉన్నది.

ప్రాముఖ్యత

ఈమె ఆత్మకథ 1990ల మధ్య వరకు ఐర్లాండు ఉన్నత పాఠశాలలలో పాఠ్యగ్రంథంగా ఉండేది. పరీక్షలకోసం చదివిన అనేకమంది విద్యార్థులకు అది ఎడతెగని కష్టాల చిట్టాగా తోచి, పెగ్ పేరు వేళాకోళానికి గురయింది. అయితే కమిషన్ వ్రాతప్రతులలోని పెగ్ వేరు. అక్కడ హాస్యం, చతురత, సూటిగా మాట్లాడే ధోరణి కనిపిస్తాయి. ఆత్మకథ కుమారుని కలం ద్వారా, సంపాదకురాలి చేతిమీదుగా రూపొందినది కనుక కథకురాలి నిజమైన స్వరం అందులో కొంత మరుగున పడిందని పరిశోధకులు భావిస్తున్నారు. ఆమె కాపురమున్న దీవిలో నేడు స్థిరనివాసులు లేరు. ఆ పొయ్యిల చుట్టూ చెప్పిన కథలు మాత్రం డబ్లిన్ విశ్వవిద్యాలయ కళాశాలలోని జాతీయ జానపద భాండాగారంలో భద్రంగా ఉన్నాయి.