రాక్షసుడి డబుల్ డ్యూటీ

1931లో వచ్చిన ఫ్రాంకెన్‌స్టైన్ సినిమా మొదట్లో పేర్లు పడేటప్పుడు కాస్త జాగ్రత్తగా చూడండి. రాక్షసుడి వేషానికి ఎదురుగా నటుడి పేరుండదు, ఉత్త ప్రశ్నార్థకం ఉంటుంది. జనాన్ని ఊరించడానికి యూనివర్సల్ వాళ్ళు చేసిన పబ్లిసిటీ అది. అయినా ఆ రోజు పేరు వేసినా గుర్తుపట్టేవాళ్ళు తక్కువే. మనిషికి నలభై దాటాయి, అప్పటికే పదుల సినిమాల్లో చిన్నాచితకా వేషాలు వేసి ఉన్నాడు. సినిమా అయిపోయాక మళ్ళీ పేర్లు పడతాయి, అప్పుడు తెలుస్తుంది ఆయన బోరిస్ కార్లోఫ్ అని.

అది కూడా అసలు పేరు కాదు. విలియం హెన్రీ ప్రాట్. 1887 నవంబర్ 23న లండన్‌లో పుట్టాడు, ఇంట్లో అందరికన్నా చిన్నవాడు. మనవాళ్ళలో చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. వాళ్ళ నాన్న బ్రిటిష్ ఇండియాలో ఉప్పు పన్ను శాఖలో పనిచేసినవాడు, పైగా ఆ కుటుంబంలో భారతీయ రక్తం కూడా ఉంది. హాలీవుడ్‌లో మొదట్లో అరబ్బుగా, ఇండియన్‌గా వేషాలు దొరకడానికి ఆ ఛాయ పనికొచ్చింది. అన్నల్లో కొందరు సర్కారు కొలువుల్లో స్థిరపడ్డారు, ఒకాయనైతే దౌత్యవేత్తగా సర్ బిరుదు దాకా వెళ్ళాడు. తమ్ముణ్ణీ అదే దారిలో పెడదామని కింగ్స్ కాలేజీలో చేర్పించారు. (మన ఇళ్ళలో సివిల్స్ కోచింగ్ అనుకోండి.) అతగాడు 1909లో కెనడా ఓడ ఎక్కేశాడు. అక్కడ పొలం పనులు చేశాడు, కూలికి వెళ్ళాడు, ఊళ్ళు తిరిగే నాటకాల కంపెనీలో చేరి పేరు మార్చుకున్నాడు. హాలీవుడ్ చేరాక కూడా వేషాలు లేనప్పుడు లారీ తోలాడు. అలా ఇరవై ఏళ్ళు గడిచిపోయాయి.

ఆ తర్వాత జేమ్స్ వేల్ అనే దర్శకుడి కంట్లో పడ్డాడు. మేకప్ జాక్ పియర్స్ చేతిలో. ఆ పలక నుదురు, బరువు రెప్పలు, మెడకు రెండు పక్కలా బోల్టుల్లాంటివి అన్నీ ఆయన తయారుచేసినవే. వేయడానికి రోజూ దాదాపు నాలుగు గంటలు. దూదిని పొరలు పొరలుగా కొలోడియన్‌తో అంటించేవాడు. మన కెమికల్ బ్రాంచి వాళ్ళకు చెప్పక్కర్లేదు, నైట్రోసెల్యులోజ్‌ని ఈథర్‌లో, ఆల్కహాల్‌లో కరిగిస్తే వచ్చేదే కొలోడియన్. చటుక్కున అంటుకుంటుంది, ఆవిరి పీలిస్తే తల తిరుగుతుంది. మన ల్యాబ్‌లో ఈథర్ సీసా తీయాలంటే సార్ వచ్చి పక్కన నిలబడతారు. అక్కడ దాన్ని మనిషి మొహానికి పూశారు. రెప్పల మీద మైనం. ఇక బూట్లు ఒక్కొక్కటి ఐదారు కిలోల బరువుంటాయి. ఆగస్టు ఎండల్లో, స్టూడియో లైట్ల కింద, లోపల మెత్తలు కుట్టిన సూటు. ఆ కొద్ది వారాల్లోనే మనిషి బాగా చిక్కిపోయాడు.

ల్యాబ్ సీను గురించి ట్రిపుల్‌ఈ వాళ్ళకు ప్రత్యేకంగా చెప్పాలి. ఆ మెరుపులు గ్రాఫిక్స్ కావు. కెన్నెత్ స్ట్రిక్‌ఫాడెన్ అనే ఎలక్ట్రీషియన్ నిజమైన హై వోల్టేజి పరికరాలతో సెట్ మీద ఆర్క్‌లు పుట్టించాడు. కార్లోఫ్ బల్ల మీద కట్టేసినట్టు పడుకుని ఉండేవాడు, పైన నిప్పురవ్వలు. తర్వాత రోజుల్లో తన భయం గురించి ఆయనే చెప్పుకున్నాడు, పైనున్నవాడి చేయి జారితే ఏమిటని.

అన్నిటికన్నా ఎక్కువ దెబ్బ తీసింది మాత్రం కొండ సీను. రాక్షసుడు తన్ను పుట్టించిన డాక్టర్ని భుజాన వేసుకుని గాలిమర దాకా మోసుకెళ్ళాలి. డాక్టర్ వేషం కాలిన్ క్లైవ్‌ది, నిండైన మనిషి. బొమ్మను పెట్టి తీయొచ్చు. కానీ దర్శకుడు ఒప్పుకోలేదు, రాత్రి పూట టేకు మీద టేకు మోయించాడు. కార్లోఫ్‌కు పేరొస్తోందని వేల్‌కు కడుపుమంట అని కొందరు రాశారు. నాకైతే అంత కథ అక్కర్లేదనిపిస్తుంది. ఫ్రేము బాగా రావాలి, మోసేవాడు కాదనలేడు, అంతే. ఆ నడుం నొప్పి ఆయన్ని బతికున్నంత కాలం వదల్లేదు, ఆపరేషన్లు కూడా అయ్యాయి. అదే సినిమాకు ఒక షూటింగు ఏకబిగిన ఇరవై ఐదు గంటలు నడిచింది.

ఇరవై ఐదు గంటలు అని చదివినప్పుడు నాకు హాలీవుడ్ గుర్తు రాలేదు. మన గేటు బయట ముంబై హైవే ఎక్కితే రుద్రారం, ఇస్నాపూర్, ముత్తంగి, పటాన్‌చెరు. తెల్లారి కంపెనీ బస్సుల్లో నిద్రపోతూ దిగేవాళ్ళను రోజూ చూస్తాం. మా నాన్న ఆ బెల్టులోనే ఒక కంపెనీలో ఆపరేటర్. రిలీవర్ రాకపోతే రెండో షిఫ్టు కూడా ఆయనదే, దానికి డబుల్ డ్యూటీ అని ముద్దు పేరు. ఇంటికొచ్చాక చొక్కా నుంచి సాల్వెంట్ వాసన వస్తుంది. 2025 జూన్ 30న పాశమైలారంలో పేలుడు జరిగి నలభై మందికి పైగా పోయిన రోజు ఆయన ఫోన్ ఎత్తేదాకా మా అమ్మ నిలబడే ఉంది. అందుకే కార్లోఫ్ జీవితంలో నాకు నచ్చిన భాగం ఆ తర్వాతిది.

సినిమా విపరీతంగా ఆడింది, ఆయన స్టార్ అయ్యాడు. 1932లో ద మమ్మీ చేశాడు. దానికి మేకప్ ఎనిమిది గంటలు. పొద్దున పదకొండింటికి కూర్చుంటే రాత్రి ఏడైంది, అక్కడి నుంచి షూటింగు అర్ధరాత్రి దాటి రెండు దాకా. ఒళ్ళంతా గుడ్డపట్టీలు చుట్టేసి ప్యాంటు జిప్పు పెట్టడం మర్చిపోయారని ఆయన జోకేసేవాడట. 1933లో స్టూడియోలు జీతాలు సగానికి కోసేసరికి నటులు కొద్దిమంది చాటుగా కూడి స్క్రీన్ యాక్టర్స్ గిల్డ్ పెట్టారు. అందులో కార్లోఫ్ సభ్యత్వం నంబరు తొమ్మిది. అప్పట్లో ఇది చిన్న సాహసం కాదు. యూనియన్ అంటే వేషాలు పోతాయి, స్టూడియోలు ఒకదానికొకటి చెప్పుకుంటాయి. స్టార్‌గా తనకు కావలసినవి తను అడిగి తీసుకోగలడు, అయినా ఎక్స్‌ట్రా వేషాల రోజులు మర్చిపోలేదు. స్టూడియోలు గిల్డ్‌ని గుర్తించేసరికి 1937 అయింది. ఈలోపు 1935లో రాక్షసుడి రెండో సినిమా, బ్రైడ్ ఆఫ్ ఫ్రాంకెన్‌స్టైన్ తీస్తూ సెట్లో నీళ్ళలో జారిపడి తుంటి దెబ్బ తగిలించుకున్నాడు కూడా.

1939లో వచ్చిన మూడో సినిమా తర్వాత సినిమాల్లో ఆ రాక్షసుడి వేషం ఇక వేయలేదు. నాటకాలు, రేడియో, పిల్లల కథలు చదవడం, ఇవన్నీ చేశాడు. చివరి ఏళ్ళలో కీళ్ళనొప్పులు, కాలికి ఇనుప పట్టీ, ఊపిరితిత్తుల జబ్బు. షాటుకీ షాటుకీ మధ్య ఆక్సిజన్ పెట్టుకుంటూ పనిచేశాడు. 1968లో వచ్చిన టార్గెట్స్‌లో ముసలి హారర్ నటుడిగా దాదాపు తన వేషమే తను వేశాడు. 1969 ఫిబ్రవరి 2న ఇంగ్లండ్‌లో పోయాడు, ఎనభై ఒక్కేళ్ళు.

ఫ్రాంకెన్‌స్టైన్ డెబ్భై నిమిషాలే, ఒక ల్యాబ్ పీరియడ్ కన్నా తక్కువ. చూస్తే గాలిమర దగ్గర ఆయన నడక గమనించండి.