హనుమకొండ భాషానిలయము – మాడపాటి హనుమంతరావు పంతులు

నిజాము రాష్ట్రమున తెలుగు పుస్తకము కంటబడుటయే అరుదైన దినములవి. బడిలో ఉర్దూ, కచేరీలో ఉర్దూ. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వెలసినది. మూడేండ్లకు, 1904లో, హనుమకొండలో రాజరాజ నరేంద్రాంధ్ర భాషానిలయము ఏర్పడినది. ఈ రెండవదాని తొలినాళ్లతో ముడిపడిన పేరు మాడపాటి హనుమంతరావు పంతులుగారిది.

ఆయన 1885 జనవరి 22వ తేదీన నాటి కృష్ణా మండలమున జన్మించిరి. బాల్యముననే తండ్రిని గోల్పోయి, సూర్యాపేటలో మేనమామల యండను పెరిగిరి. మెట్రిక్యులేషను పిమ్మట హనుమకొండ విద్యాశాఖలో చిరుద్యోగము. జీతము తెచ్చునది ఉర్దూ. మనసు మాత్రము భాషానిలయమున. ఉర్దూ వచ్చుట వలన తెలుగునకు నష్టము కలుగలేదు సరికదా, ప్రేమ్‌చందు కథలు ఆయన చేతిమీదుగా తెనుగునకు వచ్చినవి.

పుస్తకములు సేకరించుట నేడు సరదాగా తోచును. నాడు నలుగురు తెలుగువారు ఒకచోట కూడి చదువుకొన్నను సర్కారు అనుమానముతో చూచెడిది.

అటుపిమ్మట ఆయన హైదరాబాదు చేరి, శాసన నిర్మాణ శాఖలో అనువాదకులై, తరువాత వకీలు వృత్తి చేపట్టిరి. 1921 నవంబరులో అక్కడి వివేకవర్ధినిలో జరిగిన సంఘ సంస్కార సభలో ఆలంపల్లి వెంకటరామారావు తెలుగున మాటలాడబోగా సభికులు ఎగతాళి చేసిరి. ఆ రాత్రియే ఆంధ్ర జనసంఘము పుట్టినది. స్థాపకులలో పంతులుగారొకరు. 1923లో హనుమకొండలో జరిగిన సమావేశమున అది కేంద్రసంఘమైనది. కార్యదర్శిత్వ భారము ఆయనపై బడినది.

ఆ సంఘము చేసిన పనులలో మిక్కిలి విలువైనది వెట్టిచాకిరిపై చిన్న పుస్తకము. చాకలి, మంగలి, కుమ్మరి, మాదిగ – గ్రామాధికారి పిలిచినప్పుడు కూలి లేక పనిచేయవలసినవారే. వెట్టిని అరికట్టు గస్తీలు సర్కారు లోగడనే వెలువరించియుండెను. కాని అవి ఉర్దూలో జరీదా పుటలలో పడియుండెను. పాటించవలసిన అధికారి వానిని దాచెను, బాధపడువాడు చదువలేడు. పంతులుగారి బృందము వానిని తెనిగించి అచ్చొత్తి పల్లెలకు పంపినది. సర్కారు ఆజ్ఞను సర్కారు నౌకరుకే చూపి, కూలి యేదని అడుగు వీలు రైతుకూలీలకు చిక్కినది. తిరుగుబాటు మాట ఒక్కటియు లేని పుస్తకము. కాదనుటకు అధికారికి సందు దొరకదు. వకీలు బుద్ధి ఇచట బాగుగా పనిచేసినది! వర్తకుల స్వేచ్ఛపైనను, మోతర్ఫా పన్నుపైనను ఇట్టి చిన్న పుస్తకములే వెలువడినవి.

1928లో ఆయన హైదరాబాదున బాలికలకై తెలుగు మాధ్యమ పాఠశాల నెలకొల్పిరి. స్థానికముగా గుర్తింపు లభింపకపోగా, పూనాలోని కార్వే మహిళా విశ్వవిద్యాలయముతో సంబంధము కల్పించి పరీక్షలు నడిపించిరి. 1930లో జోగిపేటలో ఆంధ్ర మహాసభ మొదలైనది. 1935 సిరిసిల్ల సభకు ఆయనయే అధ్యక్షులు.

యువకులు ఆయనను మితవాది యనిరి. ఆ మాటలో సత్యమున్నది. 1944 భువనగిరి సభలో ఆంధ్ర మహాసభ చీలినప్పుడు ఆయన మితవాదుల పక్షముననే నిలిచిరి. అయినను, భువనగిరిలో ఎలుగెత్తినవారిలో పలువురు తొలుత అక్షరము ముక్క చదివినది ఈ భాషానిలయముల బల్లలపైననే.

1949, 50లలో రెండు భాగములుగా వెలువడిన ఆయన ‘తెలంగాణా ఆంధ్రోద్యమము’ నాటి సభలకు, సంఘములకు సాక్ష్యము. 1951లో హైదరాబాదు మేయరైరి. 1958లో శాసనమండలి అధ్యక్షులైరి. 1970 నవంబరు 11న కన్నుమూసిరి. బాలికల పాఠశాల ఆయన పేరనే నారాయణగూడలో నడచినది.