పండుగలను పల్లెకు తెచ్చిన బిషప్ అజరయ్య

కొత్త సంవత్సర ఆరాధన ముగిశాక మన సంఘాలన్నీ కాస్త ఊపిరి పీల్చుకుంటాయి. గుడి మీది నక్షత్రం దించేస్తాం. పశువులపాక బొమ్మలు అట్టపెట్టెలో సర్దేస్తాం. ఇక సంక్రాంతి సెలవులే. ఈ రెంటికీ మధ్య జనవరి 6 వస్తుంది, వెళ్ళిపోతుంది. తూర్పుదేశపు జ్ఞానులు నక్షత్రాన్ని వెంబడించి వచ్చి శిశువైన యేసుకు సాగిలపడిన సంగతిని సంఘం జ్ఞాపకం చేసుకునే రోజు అది. దానినే ప్రత్యక్షత పండుగ అంటాం. ఆదివారం నాడు వస్తే తప్ప చాలా సంఘాల్లో ఆ పేరే వినబడదు.

అయితే తెలంగాణలో ఒక గొప్ప దేవాలయం ఆ పండుగ పేరునే ధరించి నిలిచింది. మహబూబాబాద్ జిల్లా దోర్నకల్‌లోని ఎపిఫనీ కెథెడ్రల్ 1939 జనవరి 6న, సరిగ్గా ఆ పండుగ రోజునే ప్రతిష్ఠింపబడింది. దానిని కట్టించినవారు బిషప్ వేదనాయగం శామ్యూల్ అజరయ్య. ఆయన పేరు మనలో చాలామందికి తెలుసు. సంఘ సంవత్సరాన్ని ఆయన ఎలా జీవించారో తెలిసినవారు తక్కువ.

అజరయ్య తెలుగువారు కారు. 1874 ఆగస్టు 17న తమిళనాట తిరునల్వేలి ప్రాంతంలోని వెల్లాలన్‌విలై అనే పల్లెలో పుట్టారు. తండ్రి హిందూ కుటుంబం నుంచి ప్రభువును ఎరిగి, తర్వాత ఆ ప్రాంతంలోనే గురువుగా సేవ చేశారు. ఎన్నో ఏళ్ళు ప్రార్థించి కన్న బిడ్డ కనుక శామ్యూల్ అని పేరు పెట్టారు. బాలుడు చిన్నవాడుగా ఉండగానే తండ్రి ప్రభువు నందు నిద్రించగా, తల్లి ఎల్లెన్ భక్తిలో పెంచింది. మద్రాసు క్రైస్తవ కళాశాలలో చదివినా పరీక్షల సమయంలో జబ్బుపడి పట్టా అందుకోలేకపోయారు. 1895లో వై.ఎం.సి.ఎ.లో కార్యదర్శిగా చేరారు. 1902లో జాఫ్నాకు వెళ్ళినప్పుడు అక్కడి తమిళ క్రైస్తవులు తమ సొంత ఖర్చుతో సువార్తికులను పంపుతున్నారని చూసి, తన సంఘం ఆ పని చేయడం లేదే అని బాధపడ్డారు. మరుసటి ఏడు 1903లో తిరునల్వేలిలో ఇండియన్ మిషనరీ సొసైటీ మొదలైంది. ఆ సొసైటీ ఎన్నుకున్న పొలమే నిజాం రాజ్యంలోని దోర్నకల్.

1905లో మరొకటి జరిగింది. దేశంలోని పలు సంఘాల ప్రతినిధులు శ్రీరాంపూర్‌లో విలియం కేరీ గ్రంథాలయంలో కూడి నేషనల్ మిషనరీ సొసైటీని స్థాపించారు. అజరయ్య అందులో ముందున్నారు. వారు కూడిన రోజు డిసెంబరు 25. క్రిస్మస్ నాడు ఇల్లు విడిచి, వేరే ప్రాంతంలో కూర్చుని, సువార్త అందనివారిని గూర్చి ఆలోచించిన మనుషులు వీరు. మేము కాపరులముగా క్రిస్మస్ నెల అంతా కేకులు, బహుమతులు, సన్మానాల మధ్య తిరుగుతుంటాం కనుక ఈ తారీఖు దగ్గర కాసేపు ఆగుతున్నాం.

ఇతరులను పొమ్మని ప్రోత్సహించేవాడు తాను పోకపోతే ఎలా అనే ప్రశ్న ఆయనను వదలలేదు. దేశమంతా తిరిగే పెద్ద హోదాను విడిచి, 1909లో గురువుగా అభిషేకం పొంది దోర్నకల్‌కు వచ్చారు. అప్పటికి ఆయనకు 35 ఏళ్ళు. తెలుగు నేర్చుకున్నారు. ఎడ్లబండి మీద, సైకిలు మీద పల్లెలు తిరిగారు. 1910లో ఎడిన్‌బరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో విదేశీ మిషనరీలు భారతీయులను సేవకులుగానే కాక స్నేహితులుగా చూడాలని నిర్మొహమాటంగా అడిగినవారు ఈయనే. 1912 డిసెంబరు 29న, క్రిస్మస్ తర్వాతి ఆదివారం, కలకత్తా సెయింట్ పాల్స్ కెథెడ్రల్‌లో దోర్నకల్ బిషప్‌గా ప్రతిష్ఠింపబడ్డారు. ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్ ఆయన.

బిషప్ చేతిలో ఉన్నది ఇంగ్లండు నుంచి వచ్చిన ప్రార్థనా గ్రంథం. ఆగమన దినాలతో మొదలై క్రిస్మస్, ప్రత్యక్షత, శ్రమదినాలు, ఈస్టరు, ఆరోహణ, పెంతెకొస్తు, త్రిత్వ ఆదివారాలు దానిలో వరుసగా ఉన్నాయి. ఆయన ఎదుట ఉన్నవారు మాల, మాదిగ పల్లెల కూలి జనం. అక్షరం రాదు, గోడమీద క్యాలెండరు లేదు. వారికి ఏడాది అంటే దుక్కి, నాట్లు, కలుపు, కోత, నూర్పు, ఆ మధ్యలో ఊరి జాతర. బాప్తిస్మం పొందిన కుటుంబం జాతర మానేసింది. బాగానే ఉంది. కాని ఆ రోజు ఊరంతా డప్పుల మోత మధ్య సంబరపడుతుంటే ఈ ఇంటివారు తలుపు మూసుకుని కూర్చోవాలి. పాతది పోయింది, దాని స్థానంలో కొత్తది రాలేదు. ఇలాంటి ఇంటికి విశ్వాసం ఎన్నాళ్ళు నిలుస్తుంది? బోధ ఒక్కటే చాలదని అజరయ్య గ్రహించారు. ఆడామగా పిల్లాజెల్లా కలిసి నడిచి వచ్చి, పాడి, తిని, సంతోషించే పండుగలు పల్లె క్రైస్తవులకూ కావాలి.

వాటిలో కోతపండుగ మొదట చెప్పుకోవలసినది. నిజానికి ప్రార్థనా గ్రంథపు పండుగల పట్టికలో అది లేదు. అది పొలంలో నుంచి వచ్చిన పండుగ. ధాన్యం ఇంటికి చేరిన రోజుల్లో విశ్వాసులు తమకు కలిగినది తెచ్చి బలిపీఠం ముందు పెట్టేవారు. వడ్లు, జొన్నలు, గుమ్మడికాయలు, కోడిగుడ్లు, కోళ్ళు, మేకలు. నగదు ఎక్కడిది? కూలి గింజలే వారి సంపాదన. స్త్రీలు అన్నం వండేముందు పిడికెడు బియ్యం తీసి ప్రభువు కోసం కుండలో వేసే అలవాటును కూడా ఆయన ఎంతో ఆదరించారు. బీదవారి దగ్గర కానుక అడగవచ్చా అని జాలిపడేవారు ఆనాడూ ఉన్నారు. అజరయ్య ఆలోచన వేరు. తరతరాలుగా ఇతరుల చేతివైపు చూడడం నేర్పబడిన జనానికి ఇవ్వడం నేర్పితే వారు తల ఎత్తుకుని నిలబడతారని ఆయన నమ్మారు. క్రైస్తవ దానాన్ని గూర్చి ఆయన ఒక పుస్తకమే రాశారు. నేడు మన కోతపండుగల్లో పాట పాడి వేలం వేస్తాం. ఎక్కువ పాడినవారి పేరు మైకులో మ్రోగుతుంది. పిడికెడు బియ్యం తెచ్చిన ముసలమ్మ పేరు మైకులో రాదు.

శ్రమదినాలకు వస్తే, ఆ నలభై రోజులూ మన ప్రాంతంలో తాటికల్లు పారే కాలంలోనే వస్తాయి. ఉపవాస బోధ పల్లెలో ఎక్కడ గుచ్చుకోవాలో కాలమే చూపిస్తుందని మేమనుకుంటాం. మురికి, రోగం, అప్పు, తాగుడు అనే నాలుగింటినీ నాలుగు దయ్యాలుగా ఎంచి, వాటితో పోరాడమని అజరయ్య తన గురువులకూ ఉపాధ్యాయులకూ నేర్పారు. ఆయనకు భక్తి వేరు, ఇంటి శుభ్రత వేరు కాదు.

కులం సంగతి ఇంకా కష్టం. మాల క్రైస్తవులు, మాదిగ క్రైస్తవులు ఒకే రొట్టె, ఒకే పాత్రలో పాలుపొందడం అంత తేలిగ్గా జరగలేదు. అందరూ అంటరానివారుగా చూడబడినవారే, అయినా వారిలో వారికి హెచ్చుతగ్గులు. ప్రభువు బల్ల దగ్గర ఈ తేడాకు చోటు లేదని బిషప్ పట్టుబట్టారు. ఇప్పటికీ కొన్ని ఊళ్ళలో రెండు గుడులు ఎందుకున్నాయో మనకు తెలియనిది కాదు.

దినాలు, కాలాలు ఆచరించడం వాక్యానుసారం కాదని కొందరు సహోదరులు అంటారు. గలతీయులకు, కొలొస్సయులకు పౌలు రాసిన మాటలు చూపిస్తారు. ఆ మాటలను మనమూ గౌరవిస్తాం. దినాలను పాటిస్తేనే రక్షణ అని మెడమీద కాడి పెట్టేవారిని పౌలు హెచ్చరించాడు. చదవడం రాని విశ్వాసికి క్రీస్తు జననం నుంచి ఆత్మ కుమ్మరింపు వరకు ఏటేటా వరుసగా చూపించడం కాడి కాదు. అజరయ్య కాలపు పల్లెల్లో సంఘ సంవత్సరమే అనేకుల బైబిలు.

ఇక ప్రత్యక్షత. ప్రార్థనా గ్రంథంలో ఆ పండుగకు ఉన్న రెండవ పేరు, క్రీస్తు అన్యజనులకు ప్రత్యక్షమగుట. అంటే వెలుపల ఉన్నవారికి వెలుగు చేరిన రోజు. అజరయ్య ఆయుష్షంతా ఈ ఒక్క పండుగలో ఇమిడిపోతుంది. బాప్తిస్మం పొందినవారి చేత వారి చేతినే తలమీద పెట్టించి, సువార్త ప్రకటించకపోతే తనకు శ్రమ అన్న పౌలు మాటను వారి నోట పలికించేవారు. చదువుకున్నవాడే చెప్పాలని ఆయన అనుకోలేదు. నిన్న నమ్మినవాడు నేడు పొరుగువాడికి చెప్పాలి. 1941 నాటికి దోర్నకల్ అధ్యక్ష మండలంలో క్రైస్తవులు రెండు లక్షలు దాటారు.

కెథెడ్రల్ కట్టడానికి దాదాపు పాతికేళ్ళు పట్టింది. డబ్బు చాలక పని మధ్యమధ్య ఆగింది. చివరికి లేచిన గుడి ఇంగ్లండు గుడిలా లేదు. మసీదును తలపించే గుమ్మటాలు, మినార్లు, దక్షిణాది ఆలయ మండపంలాంటి స్తంభాలు, రాతిలో చెక్కిన తామరపూలు, అన్నిటి మధ్య సిలువ. జ్ఞానులు తమ దేశపు బంగారం, సాంబ్రాణి, బోళం తెచ్చారు గాని బేత్లెహేములో కొనలేదు కదా! ఈ దేశపు చేతిపనీ అలాగే ప్రభువు ముందు పరచబడాలన్నది ఆయన ఉద్దేశం.

అందరూ ఆయనను మెచ్చుకోలేదు. మతమార్పిడి విషయంలో గాంధీజీకి ఆయనతో 1930లలో గట్టి భేదాభిప్రాయం ఉండేది. అజరయ్య జాతీయవాదే, ఖద్దరును, తెలుగు కీర్తనను, నేలమీద కూర్చునే ఆరాధనను ప్రేమించినవారే. అయినా పల్లె జనం క్రీస్తును ఎన్నుకోవడం వారి హక్కు అనే మాటను వదులుకోలేదు. 1919లో తరంగంబాడిలో మొదలైన సంఘాల ఐక్యత ప్రయత్నానికీ చివరివరకు పాటుపడ్డారు. దాని ఫలమైన దక్షిణ ఇండియా సంఘం 1947 సెప్టెంబరు 27న ఏర్పడేసరికి ఆయన లేరు.

1945 జనవరి 1న దోర్నకల్‌లో ఆయన ప్రభువు నందు నిద్రించారు. సంఘ సంవత్సరంలో అది క్రిస్మస్‌కు ఎనిమిదో దినం, శిశువుకు యేసు అని పేరు పెట్టిన రోజు. ఐదు రోజుల తర్వాత ప్రత్యక్షత పండుగ వచ్చింది. ఆ గుడిలో బిషప్ అజరయ్య లేకుండా వచ్చిన మొదటి ప్రత్యక్షత పండుగ అదే.